ప్రాగ్‌లో మూడు రోజులు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి

ప్రశ్న: మేము జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్న ఐదుగురు స్నేహితులం. సెమిస్టర్ సెలవుల్లో మూడు రోజుల పాటు చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్లి రావాలనుకుంటున్నాము. ఎవరికి నచ్చినవి వారు చేర్చుకుంటూ పోవడంతో చూడవలసిన వాటి జాబితా ముప్పై దాటింది. అందరమూ ఇంజనీరింగ్ చదివినవాళ్లమే. చరిత్ర అంటే ఆసక్తి ఉన్నా ఆ ఊరి గతం గురించి తెలిసింది తక్కువ. ఖర్చు కూడా అదుపులో ఉండాలి. మీరైతే ఎలా తిరగమంటారు?
– ఒక విద్యార్థిని, లైప్‌జిగ్

జవాబు: ముందుగా ఆ జాబితాలో సగానికి పైగా కొట్టేయండి. పొరుగునే ఉన్న డ్రెస్డెన్ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల పాలై నేలమట్టమైతే, ప్రాగ్ మాత్రం చాలావరకు నిలబడింది. అందువల్ల పధ్నాలుగో శతాబ్దపు గోపురం, పద్దెనిమిదో శతాబ్దపు భవనం, ఇరవయ్యో శతాబ్దపు దుకాణాల సముదాయం ఒకే వీధిలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఇలాంటి ఊళ్లో ఒక చోటి నుంచి మరో చోటికి పరుగులు తీసేవారికి ఫోటోలు మిగులుతాయే తప్ప ఏది ఏ కాలానిదో, ఎందుకు కట్టారో ఏమీ మిగలదు. రోజుకు రెండే ప్రాంతాలు పెట్టుకుని, మధ్యలో కాలినడకన తిరగండి. రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు వీధులు కాబట్టి గట్టి అడుగు ఉన్న బూట్లు వేసుకోవడం మంచిది.

మొదటి రోజు పాతనగర కూడలిలోని ఖగోళ గడియారానికి కేటాయించండి. ఇంజనీర్లయిన మీకు ప్రాగ్ మొత్తంలో దీన్ని మించిన వస్తువు దొరకదు. ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు ప్రతి గంటకూ పై కిటికీల్లో అపొస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు వరుసగా కదులుతాయి, పక్కనున్న అస్థిపంజరం గంట తాడు లాగుతుంది, చివరగా కోడి కూస్తుంది. నిమిషం లోపే ముగిసిపోయే ఈ తతంగాన్ని ఫోన్లు ఎత్తి పట్టుకుని చూసిన జనంలో చాలామంది, ఇంతేనా అని పెదవి విరిచి వెళ్లిపోతారు. అసలు గడియారాన్ని చూడాలంటే గంట కొట్టే వేళ కాక, జనం చెదిరిపోయాక వెళ్లాలి. 1410లో కదాన్ ఊరికి చెందిన మికులాష్ అనే గడియారాల నిపుణుడు, విశ్వవిద్యాలయంలో గణితం, ఖగోళశాస్త్రం బోధించిన యాన్ షిండెల్‌తో కలిసి దీన్ని రూపొందించారు. ముఖఫలకంపై నీలి భాగం పగలును, లోపలి నల్లని వృత్తం చీకటి రాత్రిని సూచిస్తాయి. బంగారు సూర్యుడు ఆ రంగుల మీదుగా ప్రయాణం చేస్తాడు. సగం వెండి, సగం నలుపుగా ఉన్న చిన్న గోళం తన చుట్టూ తాను తిరుగుతూ చంద్రకళను చూపుతుంది. అన్నిటికన్నా బయట ఉన్న, బంగారు అంకెల వలయం మరీ విశేషమైనది. పాత బొహీమియాలో, అంటే ప్రాగ్ రాజధానిగా ఉన్న నాటి చెక్ రాజ్యంలో, రోజును సూర్యాస్తమయం నుంచి లెక్కించేవారు. సూర్యుడు అస్తమించే సమయం రోజురోజుకూ మారుతుంది కనుక, ఆ వలయం కూడా ఏడాది పొడవునా మెల్లగా ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. మీలో ఒకరు దాన్ని చదివి, సూర్యుడు అస్తమించి ఎన్ని గంటలైందో మిగిలిన నలుగురికి చెప్పగలిగితే ఆ పూట సార్థకమైనట్టే. ఇలాంటి గడియారం మరొకటి చేయకుండా ఉండాలని హనుష్ అనే గడియారాల నిపుణుడి కళ్లు పొడిపించారన్న కథ అక్కడ తప్పక వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు, నమ్మవద్దు.

గడియారం ఉన్న భవనం పక్కన నేలను చూస్తే రాళ్లలో పొదిగిన 27 తెల్లని శిలువలు కనిపిస్తాయి. 1618 మే 23న బొహీమియా ప్రొటెస్టెంట్ ప్రభువులు, కాథలిక్ అయిన హబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి తరఫున పాలిస్తున్న ఇద్దరు అధికారులను, వారి కార్యదర్శిని ప్రాగ్ కోట కిటికీలోంచి బయటికి తోసేశారు. ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు కానీ, అక్కడ రాజుకున్న తిరుగుబాటే ముప్పై ఏళ్ల యుద్ధంగా యూరప్ అంతటికీ పాకింది. 1620లో తెల్లకొండ యుద్ధంలో తిరుగుబాటుదారులు ఓడిపోయారు, మరుసటి ఏడాది జూన్ 21న వారి నాయకులు 27 మందికి ఇదే కూడలిలో మరణశిక్ష అమలుచేశారు. ముందు ఈ శిలువలు చూసి, మర్నాడు కోటలో ఆ కిటికీ దగ్గర నిలబడితే రెండు చోట్ల మధ్య కథ దానంతట అదే అల్లుకుంటుంది. అందుకే కోటను రెండో రోజుకు పెట్టమంటున్నాను.

రెండో రోజు తెల్లవారుజామునే లేచి చార్లెస్ వంతెన మీదికి వెళ్లండి. పది గంటలు దాటాక అక్కడ మీరు చూసేది జనాన్నే. 1342 వరదలో అంతకు ముందున్న వంతెన కొట్టుకుపోవడంతో, నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో దీని నిర్మాణాన్ని మొదలుపెట్టించాడు. 516 మీటర్ల పొడవు, 16 కమానులు, రెండు వైపులా కలిపి 30 శిల్పాలు. శిల్పాల్లో చాలావరకు నకళ్లే, మూలశిల్పాలను ఎండావానల నుంచి కాపాడేందుకు లోపల భద్రపరిచారు. 1393లో రాజాజ్ఞతో నదిలోకి తోయబడిన క్రైస్తవ మతగురువు నెపొముక్ యోహాను విగ్రహం కింద రెండు కంచు పలకలు ఉంటాయి. కోరిక తీరుతుందనో, మళ్లీ ప్రాగ్ వస్తామనో లక్షల చేతులు తాకీ తాకీ, వాటిలో అరచేయంత మేర మాత్రం బంగారంలా మెరుస్తూ, మిగిలిన భాగమంతా నల్లబడి ఉంటుంది.

కోటకు 22వ నంబరు ట్రామ్‌లో పైకి వెళ్లి, కిందికి మాత్రం నడిచి దిగండి. ప్రాంగణంలోకి ప్రవేశం ఉచితమే, భవనాల్లోకి వెళ్లడానికే టికెట్. 1344లో మొదలైన సెయింట్ వీటస్ కెథెడ్రల్ పూర్తయింది 1929లో. పాత రాజప్రాసాదంలోని వ్లాదిస్లావ్ మందిరంలో ఒకప్పుడు వీరులు గుర్రాల మీద పోటీలు ఆడేవారు. గుర్రాలు ఎక్కి రావడానికి వీలుగా కట్టిన వెడల్పాటి మెట్ల దారి ఇప్పటికీ ఉంది. 1618 నాటి కిటికీ ఉన్న గది ఆ పక్కనే. గోల్డెన్ లేన్‌లో రంగురంగుల చిన్న ఇళ్లు ముద్దుగానే ఉంటాయి కానీ, రద్దీ చూసి వెనక్కి తిరిగినా పెద్దగా నష్టపోయేది లేదు.

మధ్యాహ్నం యూదుల పేట యోసెఫోవ్‌కు వెళ్లండి. శనివారాలూ, యూదుల పండుగ రోజులూ అక్కడి ప్రదర్శనశాలలు మూసి ఉంటాయి, తేదీలు చూసుకోండి. పాత శ్మశానంలో స్థలం చాలక సమాధుల మీదే మళ్లీ మట్టి పోసి సమాధులు చేశారు, కొన్ని చోట్ల పన్నెండు పొరల దాకా ఉన్నాయంటారు. పింకాస్ ప్రార్థనాలయం గోడల నిండా, నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయిన బొహీమియా, మొరావియా యూదులు దాదాపు 78 వేల మంది పేర్లు, తేదీలు చేత్తో రాసి ఉంటాయి. ఐదుగురు కలిసి వెళ్లినా అక్కడ ఎవరికి వారు విడిగా నడవడం మేలు.

మూడో రోజు గురించి నాదొక సలహా ఉంది. అది మామూలు పర్యాటక ప్యాకేజీల్లో సాధారణంగా కనిపించదు. నాలుగో చార్లెస్ 1348లో ఈ ఊళ్లో స్థాపించిన విశ్వవిద్యాలయం మధ్య యూరప్‌లో అన్నిటికన్నా పాతది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రాగ్ చరిత్రను పదేపదే మలుపు తిప్పింది విద్యార్థులే. నాజీ ఆక్రమణకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో తూటా దెబ్బ తిని మరణించిన వైద్య విద్యార్థి యాన్ ఓప్లెటల్ అంతిమయాత్ర మరో నిరసనగా మారింది. దాంతో 1939 నవంబరు 17న నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేసి, తొమ్మిది మందిని కాల్చి చంపి, పన్నెండు వందల మంది దాకా విద్యార్థులను నిర్బంధ శిబిరానికి తరలించారు. నవంబరు 17 అంతర్జాతీయ విద్యార్థి దినం అయింది ఈ కారణంగానే. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1989లో అదే రోజున, విద్యార్థులు అల్బెర్టోవ్ అనే చోట సమావేశమై, వైషెహ్రాద్ కొండ దాకా నడిచి, అక్కడి నుంచి నగరం నడిబొడ్డుకు వస్తుండగా నారోద్నీ వీధిలో కమ్యూనిస్టు ప్రభుత్వ పోలీసులు చుట్టుముట్టి లాఠీలతో కొట్టారు. ఆ దెబ్బలకు దేశమంతా కదిలింది. ఏడాది ముగిసేలోగా కమ్యూనిస్టు పాలన పోయి, డిసెంబరు 29న ఆ పాలనను ఎదిరించిన నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఎన్నిక జరిగింది మీరు ముందు రోజు చూసిన వ్లాదిస్లావ్ మందిరంలోనే.

మీరు కూడా అదే దారి పట్టండి. వైషెహ్రాద్ కోటగోడల మీది నుంచి వ్లతావా నది వంపు చక్కగా కనిపిస్తుంది, ప్రాంగణంలోకి టికెట్ లేదు, జనమూ తక్కువ. అక్కడి శ్మశానవాటికలో సంగీతకర్తలు ద్వోర్జాక్, స్మెతానాల సమాధులు ఉన్నాయి. నారోద్నీ వీధిలో స్మారకం మాత్రం వెతుక్కోవాలి. కమానుల కింద గోడకు బిగించిన చిన్న కంచు పలక, పైకి చాచిన చేతులు, కింద తేదీ, అంతే. పక్కనుంచి వెళ్లేవారిలో ఎక్కువమంది గమనించను కూడా గమనించరు. అక్కడి నుంచి వెన్సెస్లాస్ కూడలి ఎగువన ఉన్న జాతీయ ప్రదర్శనశాల దాకా వెళితే, దాని ఎదుట నేలలోంచి ఉబికి వచ్చినట్టున్న కంచు శిలువ కనిపిస్తుంది. 1968 ఆగస్టులో సోవియట్ సేనలు దేశాన్ని ఆక్రమించాక, జనం నిస్తేజంగా లొంగిపోతున్నారన్న ఆవేదనతో 1969 జనవరి 16న యాన్ పలాఖ్ అనే విద్యార్థి అక్కడే ఒంటికి నిప్పంటించుకుని, మూడు రోజుల తర్వాత మరణించాడు. అప్పటికి అతని వయసు ఇరవై ఏళ్లు.

ప్రశ్న: జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ ఉన్న భారతీయ విద్యార్థులు ప్రాగ్ వెళ్లడానికి వేరే వీసా కావాలా? యూరోలు అక్కడ చెల్లుతాయా?
– ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: వేరే వీసా అక్కర్లేదు. చెక్ రిపబ్లిక్ కూడా జర్మనీలాగే, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల షెంగెన్ ప్రాంతంలోనిదే కాబట్టి, చెల్లుబాటులో ఉన్న రెసిడెన్స్ పర్మిట్‌తో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు పర్యటించవచ్చు. అయితే పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ అసలువే దగ్గర పెట్టుకోవాలి. సరిహద్దు దాటాక రైల్లో పోలీసులు అడిగితే ఫోన్‌లోని ఫోటో చూపించి ఒప్పించాలనుకోవద్దు.

అక్కడి నగదు చెక్ కొరునా. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి కానీ, వాళ్లు కట్టే రేటు వారి ఇష్టం. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. ఏటీఎం గానీ, కార్డు యంత్రం గానీ యూరోలలో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దని, కొరునాలలోనే అని నొక్కండి. ఆ ప్రశ్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, యూరోలకు ఒప్పుకుంటే సాధారణంగా మీ బ్యాంకు ఇచ్చే దానికన్నా నష్టపు రేటు పడుతుంది. డబ్బు మార్చే కౌంటర్లో మోసపోయామనిపిస్తే రసీదు పారేయకండి. 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటలలోగా అదే కౌంటర్లో రద్దు చేయించుకోవచ్చు.

ట్రామ్‌లకూ మెట్రోకూ ఒకే టికెట్. కాగితం టికెట్ కొంటే మొదటిసారి ఎక్కేటప్పుడు యంత్రంలో పెట్టి సమయం ముద్ర వేయించుకోవాలి. జేబులో టికెట్ ఉండి కూడా ముద్ర లేని కారణంగా జరిమానా కట్టే పర్యాటకులకు అక్కడ కొదవలేదు. విద్యార్థి తగ్గింపులు చాలాచోట్ల ఉన్నా, సాధారణంగా 26 ఏళ్ల పరిమితి ఉంటుంది కనుక గుర్తింపు కార్డుతో పాటు వయసు కూడా చూస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో ప్రాగ్ వెళ్తానంటున్నాడు. అక్కడ రాత్రిళ్లు తాగి తిరిగే గుంపులు ఎక్కువని విన్నాను. వాడు శాకాహారి కూడా. పంపించవచ్చా అండీ?
– ఒక తండ్రి

జవాబు: నిరభ్యంతరంగా పంపించండి. మీరు విన్నది కల్పన కాదు. ఆ గోలతో విసిగిపోయిన నగరపాలక సంస్థ 2024లో, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బార్ల వెంట పర్యాటకులను నడిపించే ఏర్పాటు యాత్రలను నిషేధించింది. ఆ వేళల్లో వీధుల్లో నిశ్శబ్దం పాటించాలన్నది అక్కడి నియమం కూడా. మొత్తం మీద ప్రాగ్‌లో దాడుల కన్నా జేబుదొంగల బెడదే ఎక్కువ, అదీ గడియారం ముందు, వంతెన మీద, కిక్కిరిసిన 22వ నంబరు ట్రామ్‌లో. పర్సు వెనక జేబులో పెట్టవద్దని చెప్పండి. వీధిలో ట్యాక్సీ ఆపకుండా యాప్‌లోనే పిలవమనండి. అత్యవసర నంబరు 112.

తిండి విషయానికి వస్తే, చెక్ వంటల్లో పేరున్న గులాష్, స్విచ్కోవా రెండూ సాధారణంగా గొడ్డు మాంసంతో చేసేవే. శాకాహారులకు బంగాళదుంప అట్టులాంటి బ్రాంబొరాక్, వేయించిన చీజ్ దొరుకుతాయి. సూప్‌లు కూరగాయలవిగా కనిపించినా తరచుగా మాంసపు రసంతో చేస్తారు కాబట్టి అడిగి తీసుకోవాలి. పనిదినాల్లో మధ్యాహ్నం పూట హోటళ్లు స్థానిక ఉద్యోగుల కోసం పెట్టే భోజనం రాత్రి ధరల కన్నా బాగా చవక. పాతనగర కూడలి నుంచి నాలుగు వీధులు పక్కకు వెళ్లి ఆ పూటే కడుపు నిండా తినమనండి.