మొక్కజొన్నలో కంది అంతర పంటగా వేస్తే నిజంగా లాభమేనా?

ప్రధాన పంట దిగుబడి దెబ్బతినదా, కర్బన ఉద్గారాలు తగ్గుతాయన్న మాటలో నిజమెంత అని అడిగారు. వర్షాధార భూమిలో ఈ రెండూ కలిపి వేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మొక్కజొన్న కొంత తగ్గుతుంది, అందులో దాపరికం ఎందుకు? కాకపోతే లెక్క చేను మొత్తానికి వేయాలి. ఎకరంలో మొక్కజొన్న ఒక్కటే వేస్తే 20 క్వింటాళ్లు, కంది ఒక్కటే వేస్తే 6 క్వింటాళ్లు వస్తాయనుకోండి. కలిపి వేసినప్పుడు 17, 3 వచ్చాయి. 17ను 20తో, 3ను 6తో భాగించి కూడితే 1.35. అంటే మీ ఎకరం 1.35 ఎకరాల పంట ఇచ్చింది. దీన్నే ఎల్‌ఈఆర్ (ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో) అంటారు. ప్రపంచమంతటా చేసిన ప్రయోగాల్లో రకరకాల జోడీలకు సగటున ఇది 1.2, 1.3 దగ్గర తేలింది. 1 దాటకపోతే ఆ జోడీ మీ నేలకు పనికిరాదన్నట్టే.

ఈ రెండింటికీ ఎందుకు కుదురుతుందంటే, కంది మొదటి రెండు నెలలు ఎదగనే ఎదగదు. ఆలోగా మొక్కజొన్న తన పని తాను కానిచ్చుకుంటుంది. దాని కోత అయ్యాక ఎండంతా కందిదే. పైగా కంది వేరు లోతుకు దిగుతుంది. ఆ వేర్లు వదిలే ఆమ్లాలు ఎర్ర నేలల్లో ఇనుముతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కూడా కరిగిస్తాయి.

ఉద్గారాల విషయంలో మాత్రం చాలామంది చెప్పకుండా వదిలేసే మెలిక ఒకటుంది. కంది వేసినంత మాత్రాన ఏమీ తగ్గదు, యూరియా తగ్గిస్తేనే తగ్గుతుంది. 100 కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని ఉంటుంది. అందులో సుమారు 1 శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుందని లెక్కల్లో తీసుకుంటారు. ఈ వాయువు వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పెంచుతుంది. ఆ లెక్కన అది దాదాపు 200 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఫ్యాక్టరీలో యూరియా తయారీకి కాల్చే ఇంధనం సంగతి దీనికి అదనం.

ఎంత తగ్గించాలన్నది వేర్లు చూస్తే కొంత అర్థమవుతుంది. పూతకు ముందు ఒక కంది మొక్కను పారతో మట్టి గడ్డతో సహా లేపండి. చేత్తో పీకితే వేర్ల మీది బుడిపెలు నేలలోనే తెగిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే పని జరుగుతోందన్నమాట. తెల్లగానో పచ్చగానో ఉంటే లేదు. యూరియా ఎక్కువైన చోట బుడిపెలే సరిగా కట్టవు. అందుకే నేను యూరియాను చేనంతా చల్లను, మొక్కజొన్న మొదళ్లకే వేస్తాను. కంది పట్టిన నత్రజనిలో ఎక్కువ భాగం రాలిన ఆకు, వేరు కుళ్లాకే నేలకు అందుతుంది. కాబట్టి ఈ ఏడాది మొక్కజొన్నకు పెద్దగా ఆశ పెట్టుకోకండి, తర్వాతి పంటకు యూరియా తగ్గించండి.

రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, మొక్కజొన్నలో మామూలుగా కొట్టే కలుపు మందు అట్రజిన్ ఇక్కడ వాడకూడదు, కంది చచ్చిపోతుంది. విత్తిన వెంటనే పెండిమిథాలిన్ అనే కలుపు మందు కొడితే రెండింటికీ పర్వాలేదు. రెండోది కోత. హార్వెస్టర్ దిగితే కంది మిగలదు, కంకులు చేత్తోనే విరవాలి. కూలీలు దొరకరన్న టెన్షన్ ఉంటే మొదటిసారి చేనులో కొంత భాగంలోనే, రెండు సాళ్ల మొక్కజొన్నకు ఒక సాలు కంది చొప్పున వేసి చూడండి.