తక్కువ గాలిలో కైట్ వెనక్కి పడిపోతుంటే

బ్రో, కైట్‌ఫాయిలింగ్‌లో (కైట్ లాగుతుంటే, కింద నీళ్లలో రెక్కలుండే బోర్డు మీద నిలబడి వెళ్లే ఆట) 6-7 నాట్స్ (గంటకు సుమారు 11-13 కి.మీ.) గాలిలో 15 చదరపు మీటర్ల ఫాయిల్ కైట్‌తో బోర్డు నీళ్ల పైకి బానే లేస్తోంది కానీ కాసేపటికే కైట్ వెనక్కి జారి నీళ్లలో పడుతోంది అన్నావు కదా, అది బ్యాక్‌స్టాల్, నాకు తెలిసి కైట్ తప్పు కాదు బార్ (చేత్తో పట్టుకుని కైట్‌ని నడిపే కర్ర) తప్పు. పుల్ తగ్గగానే చెయ్యి దానంతటదే బార్‌ని లోపలికి లాగేస్తుంది, అప్పుడు కైట్ వెనక అంచు కిందకి వంగి గాలిని కోయడం మానేస్తుంది, ఇంకా లాగితే ఇంకా ఆగిపోతుంది. ఆ టైంలో బార్ బయటికి వదులు, కైట్ ముందుకి ఉరికి మళ్లీ స్పీడ్ అందుకుంటుంది. ఒడ్డు మీదే ఒకసారి చెక్ చేస్కో, కైట్ నెత్తి మీద పెట్టి బార్ మొత్తం లాగు, వెనక్కి జారితే వెనక లైన్లు (బార్ నుంచి కైట్ వెనక అంచుకి వెళ్లే తాళ్లు) బిగుతుగా ఉన్నట్టే, కొంచెం లూజ్ చెయ్.

ఇంకోటి, లేచిన వెంటనే కైట్ వైపు తిరగకు ప్లీజ్, లైన్లు వదులైపోతాయి. గాలికి అడ్డంగా వెళ్తూ స్పీడ్ పెంచు, నువ్వు కదిలితే కైట్‌కి తగిలే గాలి అసలు గాలికన్నా ఎక్కువ, అంత తక్కువ గాలిలో మనల్ని నిలబెట్టేది అదే. కుదిరితే ఇంకా పెద్ద ఫ్రంట్ వింగ్ (బోర్డు కింద నీళ్లలో ఉండే ముందు రెక్క) వేస్కో, తక్కువ స్పీడ్‌లోనే లేపుతుంది. గాలి ఒడ్డు నుంచి నీళ్ల వైపు వీస్తుంటే మాత్రం అసలు దిగకు.