మీరడిగారు: సముద్రంలో మైన్లు ఎవరు ఏరుతారు?

ప్రశ్న: నల్ల సముద్రంలో మైన్లు (నీళ్లలో పెట్టే మందుపాతరలు) ఏరడానికి టర్కీ, రొమేనియా, బల్గేరియా కలిశాయని చదివాను. ఆ పనికి వేరే ఓడలెందుకు? అమెరికా, బ్రిటన్ వెళ్లి చేయొచ్చుగా? (ఓ పాఠకుడు, కాకినాడ)

జవాబు: ముందు ఓడల సంగతి. చాలా మైన్లు ఇప్పుడు ఓడ వచ్చి తగిలేదాకా ఆగవు. ఓడలోని ఇనుము, ఇంజిన్ చప్పుడు, పైనుంచి వెళ్తుంటే నీటి ఒత్తిడిలో వచ్చే తేడా, వీటిని పసిగట్టి పేలతాయి. అలాంటి చోటికి ఉక్కు ఓడను పంపితే అదే బలైపోతుంది. అందుకే మైన్‌హంటర్లను, అంటే మైన్లు వెతికే ఓడలను, ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌తోనో చెక్కతోనో కడతారు. ఆ ఓడ మెల్లగా కదులుతూ సోనార్‌తో (శబ్ద తరంగాలతో వెతికే పరికరం) సముద్రం అడుగును గాలిస్తుంటే తెర మీద ఓ గుండ్రటి నీడ పడుతుంది. అది బండరాయో పాత డ్రమ్మో మైనో అప్పుడే చెప్పలేరు. కెమెరా ఉన్న చిన్న రిమోట్ వాహనాన్ని నీళ్లలోకి దింపి దగ్గర్నుంచి చూస్తారు, మైనే అని తేలితే పక్కన పేలుడు పదార్థం పెట్టి, దూరం జరిగి పేల్చేస్తారు. తర్వాత ఇంకో నీడ. తొందరపడితే కుదరని పని.

2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగాక అక్కడి మైన్లు కొన్ని లంగరు తెంచుకుని కొట్టుకుపోయాయి. లంగరు తెగిన మైన్ వెంటనే పనికిరాకుండా పోవాలని 1907 నాటి హేగ్ ఒప్పందంలోనే ఉంది, కానీ నీళ్లలో తేలుతున్నదాన్ని చూసి ఆ మాట నమ్మే నావికుడెవడూ ఉండడు. ఆ మార్చిలోనే ఒకటి ఇస్తాంబుల్ పక్కన బోస్ఫరస్ జలసంధి దాకా వచ్చేసింది. సెప్టెంబరులో ఇంకోటి ఏకంగా మైన్లు తొలగించే రొమేనియా ఓడకే (మైన్‌స్వీపర్) తగిలి పేలింది, అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు.

బయటివాళ్లు రాలేరు. 1936 మాంట్రూ ఒప్పందం ప్రకారం నల్ల సముద్రంలోకి దారిచ్చే బోస్ఫరస్, డార్డనెల్స్ జలసంధుల తాళం టర్కీ దగ్గరుంది, బ్రిటన్ ఉక్రెయిన్‌కిచ్చిన రెండు మైన్‌హంటర్లను కూడా లోపలికి రానివ్వలేదు. దాంతో ఒడ్డునున్న ఈ మూడు దేశాలూ 2024 జనవరిలో సంతకాలు చేసి జూలై నుంచి పని మొదలుపెట్టాయి. ఆరు నెలలకోసారి కమాండ్ ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుంది. పెత్తనం ఒక్కరి చేతిలోనే ఉండిపోదు, నాకు బాగా నచ్చింది అదే. మనం ఉక్రెయిన్ నుంచి తెప్పించుకునే సన్‌ఫ్లవర్ ఆయిల్ బయల్దేరేదీ ఆ సముద్రం నుంచే కాబట్టి ఇది మనకు పట్టని విషయమేం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి మర్చంట్ నేవీలో ఉన్నాడు. దారిలో మైన్ కనిపిస్తే ఏం చేస్తారో అని టెన్షన్‌గా ఉంది. (ఓ తల్లి, విశాఖపట్నం)

జవాబు: మీ భయం అర్థమవుతుందమ్మా. ఆ పని మీ అబ్బాయి మీద పడదు. దాని జోలికి పోకుండా ఓడను దూరంగా తిప్పి, ఎక్కడ కనిపించిందో రేడియోలో చెప్పడం వరకే సిబ్బంది బాధ్యత. ఆ కబురు హెచ్చరికగా చుట్టుపక్కల ఓడలన్నిటికీ వెళ్తుంది, తీసేసేది నేవీయే. ప్రమాదం ఉన్న చోట పగటిపూట మనిషిని కాపలా పెట్టి నీళ్ల మీద కన్నేసి ఉంచుతారు.

ప్రశ్న: మన నేవీ దగ్గర మైన్లు ఏరే ఓడలు ఎన్ని ఉన్నాయి? (ఓ విద్యార్థి, గుంటూరు)

జవాబు: చెప్పడానికి బాధగా ఉంది. సోవియట్ కాలం నాటి మైన్‌స్వీపర్లు మనకుండేవి, వాటిలో ఒకదాని పేరు ఐఎన్ఎస్ కాకినాడ. 2019లో ఐఎన్ఎస్ కోళికోడ్‌తో అవన్నీ రిటైరయ్యాయి. గోవా షిప్‌యార్డ్‌లో దక్షిణ కొరియా కంపెనీతో కలిసి కొత్తవి కట్టాలన్న ఒప్పందం ఏళ్ల తరబడి నానీ నానీ రద్దయింది. 2025 జూలైలో రక్షణ శాఖ కొత్త ఓడలకు తొలి ఆమోదం ఇచ్చింది, అవి కట్టి నీళ్లలోకి దిగడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఈలోగా విశాఖలోని డీఆర్‌డీఓ నౌకా పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్ మైన్లు వెతికే చిన్న మానవరహిత జలాంతర వాహనాలు తయారు చేసింది, సంతోషమే, కానీ ఓడలు చేసే పనంతా వాటితో అవదు. 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మైన్లు మోసుకొచ్చినదే. విశాఖ, గంగవరం, కృష్ణపట్నం రేవుల ముందు నాలుగు మైన్లు పడితే చాలు, ఒక్క ఓడ కదలదు. ఈ జాప్యాన్ని మామూలు ఫైళ్ల ఆలస్యంగా తీసుకోవడం నావల్ల కాదు.