ఇంట్లో కట్టిన నాస్ డెస్క్‌టాప్‌కి కనిపించకపోతే

చి. కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

పాత కంప్యూటర్‌లో రెండు హార్డ్‌డిస్కులు పెట్టి, లైనక్స్ ఎక్కించి, విండోస్‌తో ఫైళ్ళు పంచుకోనిచ్చే సాంబా ప్రోగ్రామ్‌తో నాస్ (నెట్‌వర్క్ ద్వారా ఇంట్లోవాళ్ళంతా ఫైళ్ళు దాచుకునే సర్వర్) తయారుచేశావని మీ నాన్న చెప్పాడు. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ ఫోల్డర్ తెరిస్తే అది కనబడట్లేదని మళ్ళీ మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేయబోతున్నావట. ఆ పని మాత్రం చేయకు. ఆ ఫోల్డర్‌లో పేరు లేనంత మాత్రాన సర్వర్ పనిచేయట్లేదని కాదు.

ముందు రౌటర్ పేజీలోకి వెళ్ళి సర్వర్ ఐపీ అడ్రస్ చూడు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, పక్కనే ఆ నంబర్ రాయి, \\192.168.1.50 లాగా. ఫోల్డర్లు తెరుచుకుంటే సర్వర్ బాగానే ఉన్నట్టు, తక్కినది పేరు కనిపించే సంగతే.

తెరుచుకోకపోతే పింగ్ చేసి చూడు, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ping అని కొట్టి, పక్కన ఆ నంబర్ రాసి, సర్వర్ పలుకుతోందో లేదో చూడు. జవాబు రాకపోతే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూసుకో. ఫైబర్ వాళ్ళిచ్చిన రౌటర్‌కి మనం కొన్న రౌటర్ తగిలించుకునే ఇళ్ళలో ఇది మామూలే. సర్వర్ ఒకదాని కింద, డెస్క్‌టాప్ ఇంకోదాని కింద ఉంటాయి. ఒకదాని నంబర్ 192.168.1తో, మరోదానిది 192.168.0తో మొదలైతే సంగతి అదేనన్నమాట. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (విడి నెట్‌వర్క్ కట్టకుండా మొదటి రౌటర్ నెట్‌వర్క్‌నే పంచే మోడ్) పెడితే సరిపోతుంది. గెస్ట్ వైఫైలో ఉన్నా ఇదే తంటా. పింగ్‌కి జవాబొచ్చి కూడా ఫోల్డర్ తెరుచుకోకపోతే, సాంబా నడుస్తోందా, సర్వర్ ఫైర్‌వాల్‌లో సాంబా వాడే 445 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) తెరిచి ఉందా అని చూడు.

పాస్‌వర్డ్ దగ్గర ఎక్కువమంది చిక్కుకుంటారు. లైనక్స్‌లో యూజర్‌ని సృష్టించినంత మాత్రాన సాంబా వాడిని లోపలికి రానివ్వదు. smbpasswd కమాండ్‌తో వాడికి విడిగా పాస్‌వర్డ్ పెట్టాలి. విండోస్ అడిగినప్పుడు ఆ యూజర్ పేరు, ఆ పాస్‌వర్డే ఇవ్వు. నువ్వు రోజూ కొట్టే పిన్ ఇక్కడ చెల్లదు. ఇదివరకు తప్పుగా ఇచ్చిన పాస్‌వర్డ్ విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో సేవ్ అయి ఉంటే తీసెయ్. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరవొచ్చని పాత వీడియోల్లో చెబుతారు గానీ, విండోస్ 11 ప్రో 24హెచ్2లో అది మామూలుగా కుదరదు. కుదిరేలా సెట్టింగులు మార్చడం కంటే పాస్‌వర్డ్ పెట్టుకోవడమే మేలు.

ఇక పేరు కనిపించే సంగతి. ఒకప్పుడు ఈ జాబితా ఫైళ్ళు పంచుకునే పాత ఎస్‌ఎంబీ1 పద్ధతి మీద ఆధారపడేది. 2017 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేస్తూ వచ్చింది. ఎవరైనా "ఎస్‌ఎంబీ1 ఆన్ చెయ్, కనిపిస్తుంది" అంటే వినకు. అదే ఏడాది మే నెలలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగిన వానాక్రై వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది అందులోని లోపం పట్టుకునే. దాని బదులు సర్వర్‌లో డబ్ల్యూఎస్‌డీడీ (wsdd) అనే చిన్న ప్రోగ్రామ్ పెట్టు, ఇప్పటి విండోస్ వెతికే పద్ధతికి అది జవాబిస్తుంది. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చెయ్. నన్నడిగితే ఇదంతా సోకు. రౌటర్‌లో సర్వర్‌కి ఒకే ఐపీ రిజర్వ్ చేసి, ఫోల్డర్‌ని జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకుంటే ఆ జాబితాతో నీకు పనే ఉండదు.

ఇన్ని చేసినా రాకపోతే "రావట్లేదు పెదనాన్నా" అని ఒక్క ముక్క పంపకు. ఎర్రర్ నంబర్‌తో సహా తెర మొత్తం ఫోటో తీసి, రెండు కంప్యూటర్ల ఐపీ అడ్రస్‌లు రాసి పంపు. ఆదివారం ఫోన్‌లో చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న