వాగు పక్క పొలం బాగు చేసే ముందు

బిడ్డా,

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు కలిసిన నక్కవాగు పక్కనున్న మన రెండెకరాల్లో ఆవాలు చల్లి మూడేళ్లలో సీసమంతా లాగేస్తానని నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నాకు అదే టెన్షన్. ఆవ మొక్క సీసాన్ని, కాడ్మియాన్ని పీల్చుకునే మాట నిజమే, కానీ సీసం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి వేరుకు అందేది చాలా కొంచెం. ఈడీటీఏ అనే, లోహాన్ని కరిగించే రసాయనం కలిపితే సీసం కరుగుతుందని ఎవరో చెప్పారన్నావు. కరుగుతుంది, కానీ కరిగిందంతా ఆవ మొక్క తాగదు, ఒక్క పెద్ద వాన పడితే మిగిలింది బోరు నీళ్లలోకి దిగుతుంది. ఆ పని మాత్రం చెయ్యకు.

ముందు మట్టి పరీక్ష. మామూలు భూసార పరీక్షలో సీసం, ఆర్సెనిక్, క్రోమియం రావు, విడిగా అడగాలి. పైన ఆకూ అలమూ తీసేసి, వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గోడ వెంట పైనుంచి కిందికి పలుచగా మట్టి గీకు. చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ గరిటెతోనో గీకు. జింకు పూత బకెట్లో కలిపితే ఆ జింకే రిపోర్టులో కనిపిస్తుంది. వాగు ఒడ్డు మట్టినీ బోరు దగ్గర మట్టినీ ఒకే సంచిలో కలపకు.

ఎందుకింత చెబుతున్నానంటే, ఒక లోహానికి మందు ఇంకో లోహానికి విషం. సూపర్ ఫాస్ఫేట్ వేస్తే సీసం కదలకుండా గడ్డకడుతుంది, అదే ఫాస్ఫేట్ ఆర్సెనిక్‌ను మట్టి నుంచి విడిపిస్తుంది. సున్నం కూడా అంతే, ఎర్ర నేలలో పులుపు తగ్గి కాడ్మియం అణుగుతుంది, ఆర్సెనిక్ మాత్రం లేస్తుంది. మన నల్లరేగడికి పీహెచ్ ఎలాగూ ఎక్కువే, అంటే పులుపు తక్కువ, సున్నం అవసరం రాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో ఆర్సెనిక్ ఉన్న సంగతి శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు, అందుకే నాకు భయం. వరి కూడా వద్దు, నీళ్లు నిలిస్తే ఆర్సెనిక్ కరిగి గింజలోకి చేరుతుంది.

నా మాట వింటే లోహాన్ని లాగే ఆశ వదిలి, ఉన్నచోటే కట్టేసే పని పెట్టుకో. వాగు గట్టున అర జానెడుకో పిలక చొప్పున వట్టివేరు నాటు, దాని వేళ్లు మట్టిని కొట్టుకుపోనివ్వవు, లోహం కూడా ఎక్కువగా వేళ్లలోనే ఆగిపోతుంది. లోపల ఆముదం వెయ్యి, గింజ నూనెకే కాబట్టి తిండిలోకి రాదు, నూనె తీశాక మిగిలే పిండి మాత్రం ఎరువుగా మళ్లీ పొలానికి తేకు. బాగా మాగిన పెంట ఎరువు పొయ్యి, అది సీసాన్ని పట్టుకుంటుంది, విషపు క్రోమియాన్ని తక్కువ హాని చేసే రకంగా మారుస్తుంది. నాటేటప్పుడు వేరు దగ్గర వ్యామ్ పెట్టు, అది వేళ్లతో కలిసి బతికే మేలు చేసే బూజు. గంధకం లోటు రానివ్వకు, మొక్క లోహాన్ని చుట్టి కణంలో దాచుకోవడానికి తయారుచేసుకునే పదార్థానికి గంధకం కావాలి.

ఆర్సెనిక్ నిజంగా పీల్చే మొక్క ఒకటుంది, పాత బావుల గోడలకు మొలిచే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్. దాని సంగతి 2001లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. బోరు పక్కన నీడలో నాలుగు మొక్కలు పెట్టి చూడు, కోసిన ఆకును మాత్రం తగలబెట్టకు, పశువులకు వెయ్యకు, ఎరువుదిబ్బలో కలపకు.

నానమ్మ ఇంకా ఆ గట్టున తోటకూర కోసుకొస్తోందని మీ అమ్మ చెప్పింది. కాడ్మియం, సీసం ఆకుకూరల్లోకే ఎక్కువగా ఎక్కుతాయి. పరీక్షల సంగతి తర్వాత, అది ఈ రోజే ఆపించు.

మీ పెదనాన్న