సనదు చేతికొచ్చాక మొదటి మూడేళ్లు

ఈ నెల న్యాయ సలహా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లా విద్యార్థులవీ, సనదు (న్యాయవాదిగా నమోదైన పత్రం) పుచ్చుకుని కోర్టులో అడుగుపెట్టి ఏడాదైనా నిండనివారివీ కావడంతో ఈసారి చోటంతా వారికే ఇస్తున్నాం.

ప్రశ్న: మూడేళ్ల ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాను. జూనియర్ సివిల్ జడ్జి కావాలని కోరిక. ఇప్పుడు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అంటున్నారు. సీనియర్ దగ్గర చేరితే మొదట్లో చేతికి ఏమీ రాదని విని, మా ఇంట్లో "ఆ మూడేళ్లూ కోచింగుకు వెళ్లు, సర్టిఫికెట్ ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు" అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: మీ ఇంట్లోవారు చెప్పిన దారి నమ్ముకోదగ్గది కాదమ్మా. అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసులో 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2002లో తానే తీసేసిన మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను తిరిగి తెచ్చింది. అప్పటికే నోటిఫికేషన్ వెలువడిన నియామకాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఈ మూడేళ్లను తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (న్యాయవాదిగా నమోదు) తేదీ నుంచే లెక్కిస్తారు కనుక అఖిల భారత బార్ పరీక్ష (ఏఐబీఈ) ఎప్పుడు పెడతారో, ఫలితం ఎప్పుడొస్తుందో అన్న బెంగ మీకు అక్కర్లేదు. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కూడా లెక్కకు వస్తుంది. చిక్కంతా ధ్రువపత్రం దగ్గరే ఉంది. దాన్ని మీరు ప్రాక్టీసు చేసే కోర్టు ప్రధాన న్యాయాధికారి ఇవ్వాలి, లేదా కనీసం పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చిన పత్రంపై ప్రధాన న్యాయాధికారి ఆమోదం ఉండాలి. తన కోర్టు హాల్లో ఎన్నడూ కనిపించని అమ్మాయి కాగితం మీద ఏ జడ్జిగారు సంతకం పెడతారు?

అందువల్ల సీనియర్ దగ్గర చేరిన రోజున, జీతం మాట ఎత్తడానికి ముందే, వకాలత్‌లో ఆయన పేరు కింద మీ పేరూ రాయమని అడగండి. ఈ-కోర్టుల సైటులో కేసు వివరాలు తెరిస్తే న్యాయవాది పేరు కనిపిస్తుంది. మీరు అక్కడ లేకపోతే మూడేళ్లు ఫైళ్లు మోసినా మోసిన గుర్తు మిగలదు. వాయిదాల డైరీ మీ చేతిరాతతో వేరే పెట్టుకుని, ఏ రోజు ఏ కోర్టులో ఏ పని మీద నిలబడ్డారో, అది పాస్ ఓవర్ (కేసును కాసేపాగి పిలవమని) అడగడమే అయినా సరే, రాసుకోండి.

ఇక డబ్బు సంగతి. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలైనా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది గాని, అది సూచన మాత్రమే కాబట్టి దాన్ని చూపించి సీనియర్‌ను నిలదీయలేరు. (తమ జూనియర్ రోజులను మరిచిపోయిన సీనియర్లు ఆ సర్క్యులర్‌ను ఒకసారి చదివితే బాగుండును.) అయితే లా పరీక్షలకు విద్యార్థులను తయారుచేయడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే అనుమతిస్తున్నాయి; సాయంత్రాలు పాఠాలు చెప్పుకోవచ్చు. పూర్తికాలపు జీతం ఉద్యోగం మాత్రం చేయకూడదు.

మరో ఆదాయం అడ్వకేట్ కమిషనర్ పని. సరిహద్దు తగాదాల్లో పొలం కొలిపించడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ కింద కోర్టు ఇచ్చే ఈ పని తరచుగా జూనియర్లకే దక్కుతుంది. మన చిత్తూరు వైపు అంటే చాలాసార్లు మామిడితోటే. ఉభయ పక్షాలకూ ముందుగా నోటీసిచ్చి, కోర్టు ఈ పని అప్పగిస్తూ ఇచ్చిన వారంటు చేతపట్టుకుని, సర్వేయరుతో గట్టు మీదికి వెళ్తారు. "ఇదిగో హద్దురాయి" అని ఒకరు చూపిస్తే, "నిన్న రాత్రి పాతిన రాయి సామీ అది" అని అవతలివారు కేకలేస్తారు. ఎవరిది నిజమో తేల్చడం మీ పని కాదు. రాయి చుట్టూ మన్ను వదులుగా ఉందా, మొదట్లో గడ్డి మొలిచిందా అన్నది చూసినట్టుగా రాసి, ఇరువురి మాటలూ నమోదుచేసి, అక్కడే సంతకాలు తీసుకోవాలి. ఖర్చులు పోను ఆ రోజు మిగిలేది కొంచెమే కావచ్చు. రేపు మీరు జడ్జి అయి ఇలాంటి నివేదిక మీ ముందుకొచ్చినప్పుడు అందులో ఏ వాక్యాన్ని నమ్మాలో ఆ గట్టు మీదే తెలుస్తుంది.

ప్రశ్న: ఎన్‌రోల్‌మెంట్‌కు వేలకు వేలు కట్టాలా? (ఒక విద్యార్థి, చిత్తూరు)

జవాబు: అక్కర్లేదు. న్యాయవాదుల చట్టం 24వ సెక్షన్ ప్రకారం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. స్టాంపు సుంకం ఉంటే అది వేరు. అంతకు మించి షరతుగా వసూలు చేయరాదని గౌరవ్ కుమార్ కేసులో 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు కట్టినవారికి మాత్రం వాపసు లేదు.

ప్రశ్న: నా స్నేహితులు రీల్స్ చేసి, కింద ఫోన్ నంబరు పెట్టి కక్షిదారులను రాబట్టుకుంటున్నారు. నేనూ చేయవచ్చా? (ఒక యువ న్యాయవాది, తిరుపతి)

జవాబు: చెక్కు బౌన్సయితే నోటీసు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో జనానికి వివరించడం వేరు, "మీ కేసు గెలిపిస్తాం, ఫోన్ చేయండి" అనడం వేరు. బార్ కౌన్సిల్ నియమాల్లో 36వది ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని పని అడుక్కోవడాన్ని నిషేధిస్తుంది. బోర్డు కూడా మితమైన సైజులోనే ఉండాలంటుంది. ఫోన్ నంబరు తీసేసి చేయండి.

ప్రశ్న: 2024 మార్చిలో జరిగిన నేరానికి ఆగస్టులో ఎఫ్ఐఆర్ వేశారు. ముందస్తు బెయిలు పిటిషన్ ఏ చట్టం కింద వేయాలి? (ఒక జూనియర్, చిత్తూరు)

జవాబు: కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి సెక్షన్లు పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి)వే ఉంటాయి, ఆ తేదీ తర్వాత నమోదైంది కనుక దర్యాప్తు, బెయిలు వంటి ప్రక్రియ అంతా పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కింద నడుస్తుంది. మీ పిటిషన్ మీద సెక్షన్ 482 అని వేయండి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో కేసు కొట్టివేయించుకునే సెక్షన్. కొత్త చట్టంలో దానికి 528 వచ్చి, 482 ముందస్తు బెయిలుకు వెళ్లింది. మీ సీనియర్ పాత అలవాటు కొద్దీ దాన్ని కొట్టేసి పాత ముందస్తు బెయిలు సెక్షన్ 438 అని దిద్దితే, ఫైలింగుకు ఇచ్చేముందు మెల్లగా గుర్తుచేయండి.