మీరడగండి, నేను చెప్తా: పులికాట్ పడవ, అమ్మ నైటీ, అమీన్‌పూర్ కొంగలు

ఈ వారం వచ్చినవాటిలో రెండు ఉత్తరాలు పక్కపక్కన పడ్డాయి. ఒకటి పులికాట్ సరస్సులో దీవికి పోదామనుకుంటున్న చైతన్యపురి ఫ్యామిలీది, ఇంకోటి అలాంటి దీవి నుంచే వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న అమ్మాయిది. ఒకరికొకరు తెలీదు, కానీ చదివితే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టే ఉంది, అందుకే వరసగా వేస్తున్నా.

ప్రశ్న: సార్, సంక్రాంతి సెలవుల్లో మూడు ఫ్యామిలీలం కలిసి ఫ్లెమింగోలు చూడ్డానికి సూళ్ళూరుపేట వెళ్దామని ప్లాన్. అక్కడ ఇరకం దీవి అని యూట్యూబ్‌లో చూశాం, సూపర్‌గా ఉంది. మంచి రిసార్ట్ ఏదైనా చెప్తారా? పిల్లలు ఐదుగురు, చిన్నదానికి నాలుగేళ్ళు.
– ఒక పాఠకురాలు, చైతన్యపురి

జవాబు: అమ్మా, అది రిసార్ట్ కాదు, ఊరు. జనం చేపలు పట్టుకుని బతికే ఊరు. రాత్రికి సూళ్ళూరుపేటలో లాడ్జి చూసుకోండి, పొద్దున పడవెక్కి మధ్యాహ్నానికి వచ్చేయండి.

నేను నెల్లూరు వైపు వాణ్ణే, ముప్ఫై ఏళ్ళ కింద హైదరాబాద్ వచ్చి పడ్డా. ఒకసారి మా ఆవిణ్ణి తీసుకుని అటు పోయాను, తడ దాటాక ఆంధ్రా తమిళనాడు బోర్డర్ దగ్గర భీములవారిపాళెం ఉంటుంది, అక్కడ పడవ. మా పక్కన కూర్చున్నామె స్టవ్ బర్నర్లు రిపేర్ చేయించుకుని పేపర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, కాళ్ళ దగ్గర రెండు వాటర్ క్యాన్లు, ఉల్లిగడ్డల సంచి. సగం దూరం పోయాక ఇంజన్ ఆగింది, ఏమైందా అని చూసే లోపు పడవాయన లుంగీ ఎగ్గట్టి సరస్సులోకి దిగిపోయాడు! మా ఆవిడ కెవ్వుమంది. చూస్తే నీళ్ళు ఆయన మోకాళ్ళ మీదికి కూడా లేవు, దిగి పడవని కాస్త తోసి మళ్ళీ ఎక్కి బీడీ వెలిగించాడు. బర్నర్ల ఆమె ఒకటే నవ్వు.

చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, ఎక్కువ భాగం ఆంధ్రాలో, కొంచెం తమిళనాడులో. కానీ లోతు చాలా చోట్ల మనిషంత కూడా ఉండదు. అక్టోబర్ నుంచి వానలు పడితే కాళంగి, ఆరణి లాంటి ఏర్ల నీళ్ళొచ్చి నిండుతుంది, ఎండాకాలం వస్తే ఉత్తరం వైపు చాలా మేర ఎండిపోయి తెల్లగా ఉప్పు పేరుతుంది, పైగా సముద్రం నీళ్ళు లోపలికొచ్చే ముఖద్వారాలు ఇసకతో పూడుకుపోతున్నాయి, అది అక్కడి జాలర్ల పాత గోడు. ఫ్లెమింగోలొచ్చేది కూడా ఆ లోతు లేని నీళ్ళ కోసమే, పొడుగు కాళ్ళతో నిలబడి తల తిరగేసి బురదనీళ్ళు వడగట్టుకుని తింటాయి. ఆ తినే నాచు వల్లా, చిన్న చిన్న రొయ్యల్లాంటి వాటి వల్లా వాటికి గులాబీ రంగు, పిల్లలుగా ఉన్నప్పుడు బూడిద రంగే.

ఇంకోటి, గైడ్‌లూ టీవీ వాళ్ళూ "సైబీరియా నుంచి వచ్చిన పెలికాన్లు" అంటారు చూడండి, నమ్మకండి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో నీటి కడప చెట్ల మీద గూళ్ళు పెట్టే గూడబాతులు మన దేశం పక్షులే, శ్రీలంక దాకా ఉంటాయి. నేలపట్టులో గూడు, పులికాట్‌లో భోజనం. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని ఆ ఊరోళ్ళు వాటి జోలికి పోరు, ఫారెస్ట్ వాళ్ళు 1976లో శాంక్చురీ బోర్డు పెట్టకముందు నుంచే అంతే.

ఫ్లెమింగో ఫెస్టివల్ మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ మూడ్రోజులు చేశారు. మీరు వెళ్ళేటప్పుడు ఉంటే ఆ రోజులు తప్పించుకోండి, స్టాళ్ళూ మైకులూ బాగానే ఉంటాయి గానీ పక్షుల కంటే జనమే ఎక్కువ కనపడతారు. లైఫ్ జాకెట్ లేకుండా ఆ నాలుగేళ్ళ పిల్లని పడవ ఎక్కించకండి, లోతు లేదు కదా అని అసలొద్దు, లోతున్న చోట్లూ ఉంటాయి, బురద కూడా.

ప్రశ్న: అంకుల్, మాది పులికాట్‌లో చిన్న దీవి, ఊరి పేరు వద్దు. అమీర్‌పేటలో ఉంటూ జాబ్ చేస్తున్నా. మా టీమ్‌లో ఒకతను మా ఊరి డ్రోన్ వీడియో ఒకటి చూపించి "వావ్ ఇది మీ దగ్గరేగా" అన్నాడు, చూస్తే అందులో మా ఇంటి ముందు మా అమ్మ నైటీలో చేపలు ఎండబెడుతూ ఉంది, అడిగి తీసింది కాదు, డెబ్బై వేల వ్యూస్. నేనేం చెప్పలేదు. ఇప్పుడు టీమంతా ఎనిమిది మంది మా ఇంటికొస్తామంటున్నారు. అమ్మకి చెప్తే "ఉండేది ఒక్క బాత్రూమే గదా, నీళ్ళు ఎట్టా" అంటోంది. శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 పోయినప్పుడు మా అరుగు మీద నుంచే చూశాం అంకుల్, కానీ అమ్మకి జ్వరమొస్తే ఇప్పటికీ పడవే. వీళ్ళకి అదేం తెలీదు. రమ్మనాలా వద్దా?

జవాబు: అమ్మాయ్, వద్దనే హక్కు నీకుంది, ముందు అది తెలుసుకో. "ఇంట్లో ఇబ్బంది, ఈసారి కుదరదు" అంటే చాలు, కారణాలు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు కూడా ఎనిమిది మంది చుట్టాలొస్తే తలుపేసుకునే ఊరిది.

తీసుకెళ్ళాలని నీకే ఉంటే మాత్రం ఎనిమిది కాదు, ముగ్గురు. రాత్రి ఉండటం వద్దు. తాగే నీళ్ళ క్యాన్లు వాళ్ళే పడవలోకి ఎత్తాలి, అమ్మ మోయకూడదు. భోజనం ఖర్చు ముందే నీ చేతికిమ్మను. అమ్మకి ఇస్తే "ఛీ ఛీ" అని తీసుకోదు, మా నెల్లూరు వైపు అమ్మలందరూ అంతే, ఎండ్రకాయల పులుసు మూడోసారి వడ్డిస్తూ కూర బాలేదేమో అంటారు. రాకెట్ ప్రయోగం రోజు పెట్టుకోకు, ఆ రోజుల్లో సముద్రం మీదికి పోనివ్వరు, రోడ్ల మీద చెకింగ్ ఉంటుంది.

ఆ వీడియో సంగతి వదలకు. పెట్టినవాళ్ళకి మెసేజ్ చెయ్యి, "అందులో ఉన్నది మా అమ్మ, ఆ ముక్క తీసెయ్యండి" అని. తియ్యకపోతే ఆ యాప్‌లోనే ప్రైవసీ కంప్లైంట్ పెట్టే ఆప్షన్ ఉంటుంది. నీ టీమ్ అతనికి కూడా చెప్పు, కోపంగా కాదు, మామూలుగా టీ తాగేటప్పుడు. అతనికి అది లొకేషన్ అనే తెలుసు, అక్కడ అమ్మ ఉందని తెలీదు.

ప్రశ్న: గింత దూరం పోవాల్నా సార్? మన అమీన్‌పూర్ చెరువుకు గూడ గులాబి కొంగలు వస్తున్నయని మా తమ్ముడు అంటున్నడు, నిజమేనా?
– పటాన్‌చెరు నుంచి ఒకరు

జవాబు: నిజమే అన్నా, వస్తుంటయి, పులికాట్‌లో లెక్క గుంపులు గుంపులు కాదు, వచ్చిన ఏడు వస్తయి, లేని ఏడు లేదు. ఆ చెరువుని 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్ అని ప్రకటించిండ్రు, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తనే ఉన్నయి, అది వేరే ముచ్చట. చలికాలం ఆదివారం ఏడు గంటల లోపల బైనాక్యులర్ పట్టుకుని పో.

చైతన్యపురి అమ్మగారూ, మీరు కూడా ముందు పిల్లల్ని ఇక్కడికే తీసుకెళ్ళండి. దాదాపు 550 కిలోమీటర్లు పోయే ముందు ఆ చిన్నది పక్షుల దగ్గర అరవకుండా ఎంతసేపు నిలబడుతుందో తెలిసిపోతుంది. మా మనవడు ఏడు నిమిషాలు.